చుక్క పడితే నల్లా

పందొమ్మిదివందల అరవై రెండు, ఎండాకాలం. మా మేనత్త కొడుకు మల్లికార్జున్ బావ మలేరియా ఇన్‌స్పెక్టర్. మా విజయక్కకు కాబోయే మొగుడు కూడా. మా వరంగల్ గల్లీల పటం గీసి, నాన్న దుకాణం గోడకు అంటించాడు. జ్వరం వచ్చిన ఇంటి మీద ఎర్ర సిరాతో చుక్క పెట్టేవాడు. చుక్కలు ఎక్కడ గుమిగూడితే దోమలు అక్కడ పుడుతున్నట్టు. పెద్దాఫీసరు వచ్చేలోపు ఆ చోటు దొరక్కపోతే బావకు మేడారం అడవికి బదిలీ, పెళ్లి వచ్చే ఏటికి వాయిదా. ఆ దిగులుతో అక్క అన్నం మానేసి సకినాలు, గారెలు, రొట్టెలు మాత్రమే తింటోంది.

పక్కింటి భద్రమ్మ పటం ముందు ఆగింది. "గీ చుక్కలెందుకురా?" అని నన్నడిగింది.

"చుక్క పడ్డ ఇంటికి ధర్మసాగర్ చెరువు నీళ్ల నల్లా ఇస్తరట పెద్దమ్మా. ఎవ్వలకు చెప్పకు," అని ఓ కోత కోశాను.

ఆమె ఎవరికీ చెప్పలేదు. వరంగల్‌లో ఉన్నవాళ్లకు మాత్రమే చెప్పింది.

సాయంత్రానికి గల్లీ అంతా మూలుగు. భద్రమ్మ బర్రెకు కూడా చలిజ్వరం తగిలింది. పటం మిర్చి ఆరబోసిన కళ్లంలా ఎర్రబడింది.

"ఊరంత చుక్కలే," బావ తల పట్టుకున్నాడు. "దోమ యాడ పుడుతాందో బ్రహ్మకు గూడ ఎరుకలేదు. నేను మేడారం పోవుడే."

"ఫికర్ జేయకు బావా. అందరి ఏలికి సూది పొడిచి నెత్తురు తియ్యి. చేదు గోలీలు నీ ముంగటనే మింగమను," అన్నాను నేను.

మర్నాడు బావ సూది బయటికి తీశాడు. అంత తొందరగా రోగాలు కుదిర్చిన వైద్యుడు భూమ్మీద లేడు. అందరికన్నా ముందు బర్రె కోలుకుంది.

"నాది జరం గాదు బిడ్డా, జర ఎండదెబ్బ," అని భద్రమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

బావ ఉత్త చుక్కలు కొట్టేశాడు. మిగిలినవి ఒక ఇంటి చుట్టూ పెళ్లిబంతిలా కూర్చున్నాయి. ఆ ఇల్లు మాదే.

పెళ్లి చుట్టాలకు నీళ్లు చాలవని నాన్న పెరట్లో నీళ్ల తొట్టి, పెద్ద హౌజు కట్టించి, నెల ముందే నింపించాడు. మూత లేదు. నన్నెప్పుడూ చూడనంత ప్రేమగా దాన్ని చూసుకునేవాడు. బావ తొంగిచూస్తే నీళ్లనిండా దోమపిల్లలు ఈదుతున్నాయి.

చెప్తే మామకు కోపం, చెప్పకపోతే మేడారం. బావ జ్వరం లేకుండానే వణికాడు.

తలుపు వెనక నుంచి అక్క అంది: "హౌజును చేసుకుంటవా, నన్ను చేసుకుంటవా?"

బావ నాన్న ముందుకు పోయాడు. "మామా, హౌజు తోడిపోయాలె. మన గల్లీ జరాలన్ని దాంట్లనే పుడుతున్నయి."

నాన్న హౌజు గట్టు నిమిరాడు. "ఎవలు తోడుతరు?"

"నేనే మామా."

పెద్దాఫీసరు జీపు దిగేసరికి నీళ్లన్నీ పోయాయి. ఆయన గోడ మీది పటం చూసి, "మీ ఇన్‌స్పెక్టరేడి?" అన్నాడు. నాన్న పెరట్లోకి తీసుకుపోయి, హౌజు అడుగున చీపురు పట్టుకున్న బావను చూపించాడు.

"లగ్గంల మామ అల్లుని కాళ్లు కడుగుతడు సార్. మా అల్లుడు ఆగలేక మామ హౌజు కడుగుతాండు."

ఆఫీసరు నవ్వాడు. "అట్లయితే ఈయన ఈడనే ఉండాలె. ఊర్ల ఇంకా శానా హౌజులున్నయి."