ఒకే వంకర

పొద్దున టీ తాగుతుంటే టైలరు మాస్టారి పెదవి కుడి మూల నుంచి ఓ చుక్క జారి చొక్కా మీద పడింది.

"ఏమైందండీ మీ నోటికి?" అంది భార్య కత్తెర ఆపి.

"టీ వేడిగా ఉంది. నువ్వు ముందు ఆ కోటు సంగతి చూడు."

ఆమె కోటు సంగతి చూడలేదు. దుకాణంలోని నిలువుటద్దం ముందుకెళ్ళి తన మొహం చూసుకుంది. తన మూతీ కుడివైపుకే ఒరిగి ఉంది. హమ్మయ్య అనుకుంది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇద్దరూ గుండుసూదులు పెదాల కుడి మూల బిగించి, ఎడమ మూలతో మాట్లాడుతున్నారు. అలవాటు ఆయనది. పెళ్ళయ్యాక పక్కన కూర్చుని పని నేర్చుకుంటూ ఆమె ఆ వంకరనీ నేర్చేసుకుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అన్నాచెల్లెళ్ళనుకుని నాలిక కరుచుకుంటారు. అంచేత ఆయన మొహంలో ఏ తేడా కనిపించినా ఆమె వెళ్ళి అద్దంలో సరిచూసుకుంటుంది. తనకూ ఉంటే వయసు, లేకపోతే డాక్టరు. ఈ లెక్క ఇంతవరకూ తప్పలేదు.

అయినా మనసు కుదురుగా లేదు. మిషను తొక్కితే దారం తెగింది. మళ్ళీ ఎక్కిస్తే, కోటు ఎడమ చెయ్యి తీసుకెళ్ళి కుడివైపు కుట్టేసింది. విప్పింది. లేచి అద్దం దగ్గరికెళ్ళింది, వచ్చి కూర్చుంది, మళ్ళీ వెళ్ళింది.

"ఏమిటే, కాపురం ఆ అద్దంలోకి మార్చేశావా?" అన్నాడాయన. మాట ముద్దగా వచ్చింది. నోట్లో సూదులున్నాయి కాబోలు అనుకుంది.

పదింటికి పంతులమ్మ కోటు తొడిగి చూసుకోడానికి వచ్చింది.

"నాకెప్పుడూ ఓ అనుమానం మాస్టారూ," అందావిడ అద్దంలో ఇద్దర్నీ చూస్తూ. "మీరు పెళ్ళికి ముందే ఇలా అచ్చుగుద్దినట్టుండేవారా, తరవాత ఒకర్ని చూసి ఒకరు దింపేశారా?"

"అప్పట్లో నేను అందగాణ్ణేనమ్మా. ఈవిడ మూతివిరుపులకి జవాబు చెప్పీ చెప్పీ ఇలా తయారయ్యాను."

ముగ్గురూ నవ్వారు. అద్దంలో ఆమె మూతి రెండు మూలలా పైకి లేచింది. ఆయనది ఎడమవైపే లేచింది. కుడి మూల వేలాడుతూ ఉండిపోయింది.

ఆమె నవ్వు చప్పున ఆగింది. ఆయన నోట్లో సూదులు లేవు, పొద్దుట్నించీ పెట్టుకోనేలేదు. మరి ఇందాకటి ఆ ముద్ద మాట?

"ఏదీ, మళ్ళీ నవ్వండి."

"ఊరికే నవ్వడానికి నాకేం పిచ్చా?"

"నవ్వమంటున్నానా!"

నవ్వాడు. సగమే నవ్వాడు.

పంతులమ్మ ఒంటి మీద చేతుల్లేని కోటు అలాగే ఉంది. "విప్పి అక్కడ పడేసి వెళ్ళండమ్మా," అంటూ ఆమె ఆయన చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు వేసింది.

"చెప్పిన టైముకి ఇవ్వకపోతే పరువేం కాను?" అని ఆయన దారి పొడుగునా గొణిగాడు. ఆమెకి వినపడలేదు. చుక్క నిన్నా జారిందా? మొన్న? ఎంత గుర్తు చేసుకున్నా అద్దంలో తన మొహమే గుర్తొస్తోంది తప్ప ఆయనది రాదే!

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆయన్ని చూసింది, ఆమెని చూసింది, తాపీగా పెన్ను తీసింది.

"మీ ఇంట్లో అందరి మూతీ ఇంతేనా? మీరు చెల్లెలా?"

"భార్యని."

ఆయన నవ్వబోయాడు.

"నా మొహం చూసి సరిపెట్టుకోకండి డాక్టరమ్మా, పొద్దుట్నించీ నేను చేసిన తప్పదే," అందామె. "ఆయన్ని చూడండి. ఇదిగో, నవ్వుతున్నారు, ఇప్పుడు చూడండి!"

డాక్టరమ్మ పెన్ను వదిలేసి, కుర్చీ వెనక్కి తోసి లేచింది.