హికరీ కాయల చప్పుడు

వర్జీనియా కొండల్లో ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన ఆర్విల్ కాడిల్‌కి తనకి రాని పనంటూ లోకంలో లేదని గట్టి నమ్మకం ఉండేది. ఎందుకుండేదో తనకే తెలీదని ఇప్పుడాయనే ఒప్పుకుంటాడు.

ఆ వసంతంలో చర్చి భోజనాల గదికి ఓక్ బల్ల చేసిస్తానని నలుగురిలో మాటిచ్చాడు. చెక్క ఆరబెట్టడానికి పెరట్లో ఎండగది కట్టాడు. దక్షిణానికి వాలుగా అద్దంలాంటి ప్లాస్టిక్ కప్పు, లోపల రెండు ఫ్యాన్లు, వెనక గోడకి గాలి తలుపులు. సామిల్లు నడిపే ఓమా స్టర్జిల్ పచ్చి దుంగలు కోసి తెచ్చి, పలకల మధ్య సన్న బద్దలు పెట్టి తనే పేర్చింది. డెబ్భై దాటిన మనిషి.

"ఒరేయ్ ఆర్విల్, ఓక్ మొండిఘటం. మొదట్లో గాలి తలుపులు తెరిచే ఉంచు. నిదానంగా ఆరనీ. రోజూ ఒక ముక్క తూచి చూసుకో."

"అలాగే ఓమక్కా," అన్నాడు. ఆమె ట్రక్కు మలుపు తిరగ్గానే తలుపులు మూసేశాడు. దొరికిన వేడిని బయటికి వదిలేవాడు వెర్రివాడని ఆయన తర్కం.

నాలుగో రోజునుంచి ఎండగది వైపు టప్, టప్‌మని చప్పుడు. వరండాలో కూర్చుని హాయిగా విన్నాడు.

"నెట్టీ, ఈ ఏడు హికరీ కాయలు విరగ్గాశాయే! కప్పు మీద ఎలా రాలుతున్నాయో విను."

"జూన్‌లోనా? అవి రాలేది చలి మొదలయ్యాక కదా?" అంది భార్య చిక్కుడుకాయలు తుంచుతూ.

"ఎండలు ముదిరాయి కదా, ముందే పండుంటాయి."

మూడు వారాలకే చర్చివాళ్లందర్నీ పిలిచి, వాళ్ల ముందు గది తెరిచాడు. ఒక పలక పడవలా వంగింది. మిగిలినవి ఈ చివరినుంచి ఆ చివరికి నెర్రెలు విచ్చాయి. ఓమా ఒక పగులులోకి చాకు దూర్చి చూసింది.

"పైన ఎండి బిగుసుకుంది, లోపలింకా పచ్చే. చీలక ఏం చేస్తుంది? ఇంత చప్పుడు నీకు వినబడలేదట్రా?"

"వినబడకేం ఓమక్కా! హికరీ కాయలనుకుని రోజూ కచేరీలా విన్నాడు," అంది నెట్టీ.

"హికరీ చెట్టా? ఎక్కడుందీ?"

ఆర్విల్ చుట్టూ చూశాడు. ఇరవై ఏళ్లుగా తను గడ్డి కోస్తున్న పెరడే. చెట్టు లేదు. తప్పు ప్లాస్టిక్ కప్పు మీదికి నెడదామని నోరు తెరిచాడు గానీ, నెట్టీ మొహం చూసేసరికి నవ్వొచ్చేసింది.

"బస్సు డ్రైవర్ని కదమ్మా! వెనకాల చప్పుళ్లు పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను."

అందరూ పగలబడి నవ్వారు. ఓమా మర్నాడే ఇంకో లోడు పంపింది. ఈసారి గాలి తలుపులు తెరిచే ఉంచాడు. నెట్టీ వంటింటి త్రాసులో రోజూ ముక్క తూచాడు. పిండిలో రంపపుపొట్టు పడుతోందని ఆమె పోరినా మానలేదు. సెప్టెంబరులో బరువు తగ్గడం ఆగింది, అంటే చెక్క ఆరింది. ఇరవై పలకల్లో పదకొండు తిన్నగా వచ్చాయి. బల్లకి అవి చాలు.

ఇప్పుడా బల్లని ఎవరు మెచ్చుకున్నా ఆర్విల్ ముందు తన తెలివితక్కువ కథే చెబుతాడు. ఎందుకయ్యా అంటే, "నేను చెప్పకపోతే ఓమక్క చెబుతుంది. ఆవిడ చెప్పినప్పుడల్లా ఆ నెర్రెలు ఇంకో జానెడు పెరుగుతున్నాయి," అని మొక్కజొన్న రొట్టె అందుకుంటాడు.