వీపుల ఆల్బమ్

ముప్పయ్యారేళ్ల కాపురంలో టైలరమ్మ ముఖం ఒక్క కుటుంబ ఫోటోలోనూ పడలేదన్న సంగతి కనిపెట్టింది ఆరేళ్ల మనవరాలు. ఆ పిల్ల గొంతు విని ఇంట్లో అందరూ గంటమ్మ అని పిలుస్తారు. "అనుకున్నది కాదు, చూసింది రాయండి" అని మూడు దశాబ్దాలపాటు పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పి రిటైరైన సైన్సు మాస్టారు, అంటే ఆ పిల్ల తాతగారు, అదే ఆల్బమ్‌ను లెక్కలేనన్నిసార్లు తిరగేసి కూడా ఆ సంగతి గమనించలేదు.

"తాతయ్యా, అన్ని ఫోటోల్లోనూ ఈ జుట్టుముడి ఎవరిది?"

"మీ అమ్మమ్మది."

"మరి అమ్మమ్మేదీ?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ నుంచి లెక్కపెట్టారు. పదకొండు ఫోటోలు, పదకొండు వీపులు. ఒకదానిలో ఆవిడ వంగి కూతురి గౌను అంచు లాగుతోంది. ఇంకొకదానిలో మునివేళ్ల మీద నిలబడి అల్లుడి కాలరు సర్దుతోంది. తమ పెళ్లి ఫోటోలో సైతం పెళ్లికొడుకు కోటు భుజం దగ్గర ముడత చదును చేస్తోంది. కారణం స్పష్టమే. ఫోటోగ్రాఫరు "రెడీ" అన్న క్షణాన ఆవిడ కంటికి ఎక్కడో ఒక వంకర కనబడుతుంది. అప్పుడిక ఆలోచన కన్నా ముందు చేయి బయల్దేరుతుంది.

ఆవిడకు ముఖం ఉన్నదనడానికి ఇంట్లో ఉన్న ఏకైక సాక్ష్యం గుర్తింపు కార్డు. అందులో ఆవిడ విచారణకు పట్టుకొచ్చిన మనిషిలా ఉంది.

ఈ ఆల్బమ్ తప్ప మరో ఆధారం దొరకని వారెవరైనా, ఈ ఇంట్లో ఒక జుట్టుముడి కాపురం చేసిందనే తేలుస్తారు. ఆ నిర్ధారణ మాస్టారికి మింగుడు పడలేదు. నవ్వితే కళ్లు మూసుకుపోయి ముక్కు కుదించుకుపోయే ఆ ముఖం, ఒక్కటంటే ఒక్క ఫోటోలో కావాలి ఆయనకు.

"ఆదివారం ఫోటో తీయించుకుందాం," అని ప్రకటించారు. "హడావుడేమీ లేకుండా, హాయిగా."

కుట్టుమిషన్ ఆగింది. "హాయిగానా? మీరా? టీ మరగడానిక్కూడా గడియారం పెట్టే మనిషి!"

మిషన్ మళ్లీ మొదలవగానే వంటగదిలో రహస్య సమావేశం జరిగింది. మాస్టారి వాదన సూటిగా ఉంది: వంకర లేకపోతే ఆవిడ లేవదు, కాబట్టి వంకరకు చోటివ్వకూడదు. కాలర్లు వద్దు, బొత్తాలు వద్దు, కుచ్చిళ్లు వద్దు. అందరూ గుండ్రటి మెడ టీ షర్టులే తొడుక్కోవాలి.

"దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే ఇంకా సులువు కదా నాన్నా," అంది కూతురు.

"మావయ్యగారూ, దుప్పటికీ అంచుంటుందండీ," అన్నాడు అల్లుడు చాలా గంభీరంగా.

ఆదివారం పొద్దున్నే, ఈ పూట మిషన్‌కు సెలవని మాస్టారు అడిగి తీసుకోగా, ఆవిడ టేపు, గుండుసూదులు, కత్తెర, బొత్తాల డబ్బా వంటగది అలమరలోకి చేరాయి. డబ్బా అందిస్తూ ఆవిడ, "మీరు మాత్రం సూది ముట్టుకోకండి బాబూ," అంది. పెళ్లైన కొత్తలో ఆయన ఒక్కసారి చొక్కాకు బొత్తాం కుట్టుకున్నారు. విరిగిన చేతికి కట్టు కట్టినట్టు దారం చుట్టి చుట్టి బిగించారు. అది చూసి ఆవిడ నేల మీద కూలబడి, ఏమైందని అత్తగారు అడుగుతుంటే మాట రాక, కడుపు పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి ఆయనకు సూది నిషేధం.

ఫోటోగ్రాఫరు వచ్చాడు. నిండైన బొజ్జ, దాని మీద గుండ్రటి మెడ తెల్ల టీ షర్టు, చెరగని చిరునవ్వు. "అందరూ సహజంగా ఉండండి. నేనిక్కడ లేననుకోండి."

"అంత మనిషిని లేరనుకోవడం ఎలాగండీ?" అంది టైలరమ్మ. అక్కడే సగం మందికి నవ్వు మొదలైంది.

ముందుగదిలో సోఫా మీద మాస్టారు, ఆవిడ కూర్చున్నారు. గంటమ్మ మధ్యలో ఇరుక్కుంది. కూతురు, అల్లుడు వెనక నిలబడ్డారు.

"రెడీ!"

ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఈ కిటికీ తెర అంచు చూశారా, ఊడి వేలాడుతోంది!"

క్లిక్.

"పన్నెండు!" అని అరిచింది గంటమ్మ.

రెండోసారి ఆవిడ చేయి అల్లుడి భుజం మీదికి వెళ్లింది. "అల్లుడుగారూ, ఎవడు కుట్టాడండీ ఇది? పెళ్లాంతో పోట్లాడి వచ్చి కుట్టినట్టున్నాడు!"

"పదమూడు!"

మూడోసారి సోఫా గలేబు. "పద్నాలుగు!" అంటూ గంటమ్మ సోఫా మీద గంతులేసింది. కూతురు గోడకు ఆనుకుని నవ్వుతోంది. అల్లుడు నవ్వు ఆపుకోబోయి ఎక్కిళ్ల పాలయ్యాడు. టైలరమ్మ మాత్రం చిన్నబోయింది. "నా వల్ల కాదండీ. నేను పక్కన నిలబడతాను. మీరు నలుగురూ దిగండి," అంది మెల్లగా.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. నలుగురే ఉంటే ఆ ఫోటోలో జుట్టుముడి కూడా మిగలదు.

ఆయన ఒక్క నిమిషం కళ్లు మూసుకుని పద్నాలుగు ఫోటోలనూ వరసగా తలచుకున్నారు. పద్నాలుగింటిలోనూ వంకర ఉన్నది కుటుంబం వైపే. ఆవిడ తిరిగింది వంకర వైపు. మనిషిని తిప్పడం అసాధ్యం. వంకరను తిప్పడానికి అడ్డేముంది?

"మంచినీళ్లు తాగుదురుగాని రండి," అని ఫోటోగ్రాఫరును చేయి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్లి తలుపు వేశారు. "ఆ టీ షర్టు విప్పండి."

"మాస్టారూ?"

"ప్రయోగం. నన్ను నమ్మండి."

"ఇరవయ్యేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇంతవరకు నన్నెవరూ విప్పమనలేదండీ," అని గొణుగుతూనే ఆయన విప్పాడు. బనియనుతో నిలబడి మంచినీళ్లు తాగుతుంటే, మాస్టారు డబ్బాలోంచి అన్నిటికన్నా పెద్ద ఎర్ర బొత్తాం తీసి, చేతికందిన ఆకుపచ్చ దారంతో, టీ షర్టుకు సరిగ్గా పొట్ట మీద, ఏ బొత్తామూ ఉండకూడని చోట కుట్టారు. రెండుసార్లు బొత్తానికి, మూడుసార్లు తన వేలికి సూది దిగింది.

బయటికి వచ్చి, టైలరమ్మను బతిమాలి మళ్లీ సోఫాలో కూర్చోబెట్టారు. "ఒక్కసారి. ఆఖరుసారి."

ఫోటోగ్రాఫరు కెమెరా కంటికి ఆనించాడు. దాని కింద, తెల్లటి బొజ్జ నడిమధ్య, ఎర్ర బొత్తాం తల వేలాడేసి మెరిసింది.

టైలరమ్మ చూసింది. ముందు నమ్మలేదు. కళ్లు చికిలించింది. "ఏమండీ ఫోటోగ్రాఫరుగారూ, ఆ బొత్తామేంటి? కాజా లేకుండా?"

"అది... ఫ్యాషనండీ," అని నీళ్లు నమిలాడాయన.

ఆవిడ ఇంకాస్త ముందుకు వంగింది. చుట్టి చుట్టి బిగించిన ఆకుపచ్చ దారం. విరిగిన చేతికి కట్టులాంటి కుట్టు. ఆవిడ చూపు అక్కణ్నుంచి జారి, పక్కన మాస్టారి చూపుడు వేలికి ఉన్న దూది మీద ఆగింది.

ముక్కు కుదించుకుపోయింది. కళ్లు మూసుకుపోయాయి. ముప్పయ్యారేళ్ల కిందట నేల మీద కూలబడి నవ్విన ఆ నవ్వే ఇప్పుడు లేచి నిలబడింది. "ఆ సూది ఎవరు ముట్టుకోమన్నారండీ మిమ్మల్ని!" అంటూ, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, బొత్తాం పీకడానికి చేయి చాపుకుని కెమెరా మీదికే నడిచింది.

క్లిక్. క్లిక్. క్లిక్.

వారం తరవాత ఫోటో అచ్చు వేసి తెచ్చారు. అందులో సగానికి పైగా ఆవిడే. చేయి మసకగా ఉంది, నోరు తెరుచుకుని ఉంది. వెనక గంటమ్మ గాలిలో ఉంది, కూతురు, అల్లుడు ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. మాస్టారొక్కరే కెమెరా వంక కాక ఆవిడ వంక చూస్తున్నారు.

"పళ్లన్నీ బయటపెట్టి... ఇదేం ఫోటో!" అంది టైలరమ్మ. అన్నదే గానీ, కింద పెట్టలేదు. చాలాసేపు చూసింది. "మీరా రోజు టీ షర్టు తిరగేసి తొడుక్కున్నారు. కుట్లన్నీ పైకే ఉన్నాయి చూడండి."

మాస్టారు ఫోటో అందుకుని చూశారు. నిజమే. "అప్పుడు చూడలేదా?"

"సోఫాలో కూర్చోకముందే చూశాను."

"మరి సర్దలేదేం?"

"హాయిగా అన్నారుగా, పోనీలే అని వదిలేశాను. మీ వైపు చూస్తే చేయి ఊరుకోదని, తెర వంకా, అల్లుడుగారి వంకా, గలేబు వంకా చూస్తూ కూర్చున్నాను."

అంటే ఆ మూడు వీపులకూ కారణం తనే. ప్రయోగమంతటిలో లెక్కలోకి తీసుకోని అంశం, ప్రయోగం చేసిన మనిషే.

టైలరమ్మ ఫోటోను మళ్లీ తన వైపుకు తిప్పుకుంది. బొటనవేలి గోటితో, ఫోటోలోని ఆయన భుజం దగ్గర, పైకి కనబడుతున్న ఆ కుట్టును మెల్లగా లోపలికి తోయడం మొదలుపెట్టింది.