బిల్లులో ఇంకో వరుస

“సర్దుకోవడం నీకేమైనా కొత్తా?” అన్నాడు భర్త, తీగ మీద ఆరేసిన గుడ్డల మధ్య తన తువ్వాలు వెతుక్కుంటూ.

ఆరుతున్నవి చాలావరకు అద్దాలు తుడిచే గుడ్డలే. తువ్వాలు అతని ముక్కు ముందే ఉంది. ఆమె తీసి చేతికిచ్చింది.

ఇంట్లో ఆమెను బెంగమ్మ అంటారు. పెట్టింది అత్తగారే అయినా, పేరు అతికినట్టు సరిపోయింది. చదువుకోవడానికి వేరే ఊరెళ్ళిన కూతురు ఒక్క పూట ఫోను ఎత్తకపోతే బెంగమ్మ మనసు ఆసుపత్రుల చుట్టూ తిరిగి వస్తుంది. ఎవరైనా తలుపు కాస్త గట్టిగా కొడితే చావు కబురే అనుకుంటుంది. అలాంటి మనిషి షాపుల అద్దాలూ ఆఫీసు కిటికీలూ తుడిచే కాంట్రాక్టు సొంతంగా ఎలా మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. మొదలుపెట్టడమే కాదు, పని పెరిగింది. పెరిగి పెరిగి, ఇక మీరూ పన్ను కట్టాలమ్మా అని పన్నుల ఆఫీసువాళ్ళు ఆమె పేరున ఒక నంబరు ఇచ్చేదాకా వచ్చింది.

ఆ రోజు బెంగమ్మకు అన్నం సహించలేదు. పన్నంటే నాలుగు రాళ్ళు సంపాదించిన పాపానికి వేసిన జరిమానా అనే అనుకుంది. జరిమానా ఎవరైనా నలుగురికీ చూపించుకుంటారా? బిల్లులో ఆ మాటే రాయకుండా, పాత ధరే వేసి, పన్నేమో తన కష్టంలోంచి గుట్టుగా కట్టేస్తూ వచ్చింది. “బిల్లులో పన్ను కనబడిందో, కళ్ళజోళ్ళ షాపువాళ్ళు మర్నాడే ఇంకొకర్ని పెట్టుకుంటారు,” అని భర్త ముందే హెచ్చరించాడు. ఆమె పనిలో సగం ఆ షాపుదే. అయినా తన వాటా తగ్గించుకోవడం ఆమెకు ఊపిరి పీల్చినంత అలవాటు. చుట్టం వస్తే తగ్గేది ఆమె కంచంలోనే. కరెంటు ఖర్చు పెరిగితే ఆగేది ఆమె నెత్తిమీది ఫ్యానే. అత్తగారు కాలు విరిగి మంచాన పడ్డప్పుడు కుట్టుపని మానేసింది ఆమే, ఆవిడ లేచి తిరుగుతున్నాక కూడా “ఇంకా ఆ మిషనెందుకు, చోటు దండగ” అంటే ఊరుకుందీ ఆమే. ఇంటిమీదకి ఏది వచ్చినా దారి అడక్కుండా తిన్నగా ఆమె దగ్గరికే వచ్చేది. పన్నూ అలాగే వచ్చిందనుకుంది.

కానీ ఈ నెల నిచ్చెనక్కకు కూలిచ్చి, పన్ను పక్కన పెట్టేసరికి బెంగమ్మకంటూ ఏమీ మిగల్లేదు. ఆ సంగతి చెబితేనే భర్త సర్దుకోమన్నాడు. దానికి మందూ అతని దగ్గర సిద్ధంగానే ఉంది. “ఆవిణ్ణి మానిపించు. నిచ్చెన నువ్వే ఎక్కు.”

నిచ్చెనక్కంటే బెంగమ్మతో పనిచేసే పొడుగాటి మనిషి. ఎత్తు పనులన్నీ ఆవిడవే. మొదటి రోజు నించీ తోడున్న మనిషిని పొమ్మనడం ఎలాగో తెలియక, కళ్ళజోళ్ళ షాపు ముందు తలెత్తి, పైనున్న ఆవిడతో సంగతంతా నసుగుతూ చెప్పింది బెంగమ్మ.

నిచ్చెనక్క తుడవడం ఆపింది. కోపం వచ్చిందేమోనని బెంగమ్మ నిచ్చెనను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

“బస్సు కండక్టరు ఉన్నాడు చూడు,” అంది నిచ్చెనక్క, పైనుంచే. “ఎక్కినవాళ్ళందరి టికెట్లూ తన జీతంలోంచి కొంటాడా?”

“ఎందుకు కొంటాడక్కా? వసూలు చేసి డిపోలో కడతాడు.”

“మరి నువ్వెందుకు కొంటున్నావే పిచ్చిదానా?”

బెంగమ్మ ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. నవ్వు ఆగలేదు. నిచ్చెన ఊగింది. పట్టుకోవే తల్లీ, నన్ను మానిపించడానికి ఇంతకన్నా సులువైన దారి లేదా అని పైనుంచి నిచ్చెనక్క తిట్టిపోసింది.

షాపు మెట్ల మీద కూర్చుని బెంగమ్మ కొత్త బిల్లు రాసింది. తన ధర. దాని కింద పన్ను. దాని కింద మొత్తం. ఆ మధ్య వరుసలో అక్షరాలు మాత్రం చీమల్లా వచ్చాయి.

లోపల మేనేజరమ్మ బిల్లును దగ్గరగా పెట్టుకుని చదివింది. “ఇది ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదు?”

అయిపోయింది అనుకుంది బెంగమ్మ. పని పోయింది, కూతురు చదువాపి వచ్చేసింది, అద్దె కట్టలేక వీధిన కూడా పడ్డారు. “తప్పయితే తీసేస్తానండీ,” అంది.

“తీసెయ్యడమెందుకమ్మా? మీకిచ్చిన పన్ను మేం ప్రభుత్వానికి కట్టే పన్నులో తగ్గించుకుంటాం. మీకు నంబరే లేదనుకున్నాం. మా కొత్త షాపు కూడా మీకే ఇద్దామని ఎన్నిసార్లు చెప్పినా, సరైన బిల్లు ఇవ్వలేని మనిషికి వద్దని మా ఓనరు ఒప్పుకోలేదు. అదీ చేస్తారా?”

ఇన్నాళ్ళూ తల వంచుకుని దాచినదే తన దారికి అడ్డం పడి ఉందన్నమాట. బెంగమ్మ ఏం జవాబిచ్చిందో ఆమెకే గుర్తులేదు. బయటికొచ్చి నిచ్చెనక్కను వాటేసుకుంది. ఆ వెంటనే, కొత్త షాపు మరీ ఎత్తయితే మన నిచ్చెన చాలదేమో అని బెంగపడింది. అది కూడా తియ్యగానే ఉంది.

ఇంటికి వచ్చేసరికి తల్లీకొడుకులు హుషారుగా ఉన్నారు. మరిది మందుల షాపు తెరుస్తున్నాడట. ముందంతా అద్దాలేనట, వాటినిండా సున్నం మరకలూ రంగు చుక్కలూనట. వదిన్ని వచ్చి శుభ్రం చేసిపెట్టమన్నాడట, ఆపైన వారం వారం కూడా.

“ఇంట్లో నువ్వుండగా బయటివాళ్ళెందుకు?” అన్నాడు భర్త.

అత్తగారు అలగడం, మరిది మొహం తిప్పుకోవడం, చుట్టాలంతా చేరి ఆమె గురించి చెప్పుకోవడం, అన్నీ వరసగా బెంగమ్మ కళ్ళ ముందు కదిలాయి. వాటిని కదలనిచ్చింది.

“వెళ్తామండీ, నేనూ నిచ్చెనక్కా,” అంది చెప్పులు విడుస్తూ. “బిల్లు షాపు పేరున రాయాలో, మరిదిగారి పేరునో కాస్త కనుక్కోండి. పన్ను వేరే.”