గంట తాత మోసిన మాట

ఆ బళ్ళో గంట కొట్టేదీ, గేటుకు తాళం వేసేదీ, ఒక గది మాట ఇంకో గదికి మోసేదీ ఒక్కడే. పిల్లలకు గంట తాత. చదివింది మూడో తరగతే గానీ, మాట మోయడంలో చేయి తిరిగినవాడు. "ఆ మొద్దావిణ్ణి హాజరు పట్టీ ఇప్పుడైనా తగలెయ్యమను" అని పెద్ద టీచరమ్మ గసిరితే, వరండా దాటేసరికి అది "పట్టీ పంపమంటున్నారమ్మా" అయ్యేది. వేడి దారిలోనే వదిలేసేవాడు. ముప్పై ఏళ్ళలో ఆయన మోసిన మాట వల్ల ఎవరికీ ఎవరితోనూ చెడలేదు. సొంత మాటలంటారా, రోజుకు పది ఉండేవి కావు.

అందుకే ఆ రోజు ఇంగ్లిష్ టీచరు ఆయన్ని ఏడో తరగతిలోకి పిలిచింది. డైరెక్ట్ స్పీచ్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ వారం నుంచి చెబుతున్నా పిల్లల బుర్రకెక్కడం లేదు.

"మీరన్న మాట మీరన్నట్టే రాస్తే డైరెక్టు. తాత వెళ్ళి అవతల చెప్పేది ఇన్‌డైరెక్టు. ఎవరికేం చెప్పాలో తాత చెవిలో చెప్పండి. తెలుగులోనే. ఇంగ్లిష్ తర్వాత చేద్దాం."

ముందు బెంచీవాడు లేచాడు. ఆరో తరగతిలో ఉన్న తమ్ముడి పెన్ను పోగొట్టింది తనేనని చెప్పమన్నాడు. తాత వెళ్ళి వచ్చాడు.

"ఏమన్నాడు తాతా?"

"ఇంటికి రమ్మన్నాడు."

అసలు మాట అంత చిన్నదేం కాదు. క్లాసంతా నవ్వింది.

తర్వాత ఎన్నడూ చెయ్యెత్తని చివరి బెంచీ పిల్ల వచ్చింది. చొక్కా చేతుల్ని మణికట్టు దాకా లాక్కుని, తాత చెవి దగ్గర నోరు పెట్టింది.

"మూడో తరగతిలో మా చెల్లి ఉంది. దాన్ని ఇవాళ ఇంటికి రావద్దను. నాన్న పనికి పోలేదు. పొద్దున దాన్ని కొట్టాడు. అది బయల్దేరాక, మిగతాది సాయంత్రం అన్నాడు. అత్త ఇంటికి పొమ్మను. ఇంట్లో నేను చూసుకుంటా."

వరండా ఆ పూట తాతకు పొడుగైంది. మూడో తరగతిలో ఆ చిన్నది పలకమీద పిల్లిబొమ్మకు మీసాలు గీస్తోంది. ఆ మొహం చూసి అంత మాట చెప్పడానికి నోరు రాలేదు.

"మీ అక్క సాయంత్రం అత్త ఇంటికి వెళ్ళమంది తల్లీ."

"అక్కా వస్తుందా?"

"వస్తుందిలే" అన్నాడు. అలవాటైన నోరు.

తాత తిరిగొచ్చి చెప్పిన అత్త ఇంటి మాటను టీచరు ఇంగ్లిష్‌లో బోర్డుమీద రాసింది. అందరూ పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. చివరి బెంచీ పిల్ల కూడా తప్పులేకుండా రాసింది. టీచరు టిక్కు పెట్టింది.

ఆఖరి గంటకు బడి ఖాళీ అయింది. చిన్నది మాత్రం గేటు పక్కన సంచీ మీద కూర్చుంది.

"వెళ్ళు తల్లీ, పొద్దుపోతోంది."

"అక్క వస్తుందన్నావుగా. వచ్చాకే వెళ్తా."

ఇంతలో తరగతిలోనే ఆగిపోయిన అక్క రానే వచ్చింది. చెల్లిని చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"ఇదింకా ఇక్కడే ఉందేంటి తాతా? నేను చెప్పమన్నదేంటి, నువ్వు చెప్పిందేంటి?"

తాత నాలుక కరుచుకున్నాడు. గేటుకు తాళం వేసి, ఇద్దర్నీ పెద్ద టీచరమ్మ గదికి తీసుకెళ్ళాడు. పిల్ల తన చెవిలో అన్న మాటలు ఒక్కటి వదలకుండా, ఉన్నవి ఉన్నట్టు ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఇంటి గొడవలు మనకెందుకయ్యా? కందకు లేని దురద కత్తిపీటకా? రేపు ఆయన్ని పిలిపించి మాట్లాడదాం."

"మిగతాది సాయంత్రం అన్నాడమ్మా."

ఆవిడ పెద్దదాన్ని దగ్గరికి పిలిచి, చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి చూసింది. ఎంత మెల్లగా మడిచిందో అంత మెల్లగా మళ్ళీ దించింది.

"మీ అత్త నంబరు తెలుసా అమ్మా?"

అరగంటకు గేటు గడగడమంది. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. పిల్లల తండ్రి.

"పెద్దాయనా, మా పిల్లలు ఇంకా రాలేదు."

"లోపల ఉన్నారు. మీ అక్కగారు వస్తున్నారు. ఆవిడ తీసుకెళ్తారు."

"మా అక్క ఎందుకు? ఏదో అన్నారన్నమాట. ఎవరు? పెద్దదేనా?"

ముప్పై ఏళ్ళుగా ఫలానావారు ఇలా అన్నారు అని చెప్పడమే తాత పని. పిల్ల మాట నాలుక చివరే ఉంది. అది పెదవి దాటితే, రేపో మాపో తిరిగి ఆ పిల్ల వీపుమీదే పడుతుంది.

"పిల్లలేమీ అనలేదు బాబూ. నేనన్నాను."

"నువ్వా? అనడానికి నువ్వెవడివి?"

"గంట కొట్టేవాణ్ణి."

అతను తాళం వంక చూశాడు, తాత వంక చూశాడు. "రోజూ ఈ దారినే కదా ఇంటికి పోతావు. సరే."

వెళ్ళలేదు. ఎదురుగోడకు ఆనుకుని నిలబడ్డాడు. తాత తాళంచెవిని పిడికిట్లో పెట్టుకుని, వీధి మలుపు వైపు చూస్తూ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. అత్త ఇంకా రాలేదు.