ఇవ్వలేని కిడ్నీ

అక్కకి కిడ్నీ ఇస్తానని తమ్ముడు ముందే తేల్చి చెప్పేశాడు. అతను సిటీబస్సు డ్రైవరు. బట్టలు కుట్టే అక్కకి మామూలు జ్వరంలా వచ్చిన జబ్బు రెండు కిడ్నీలనూ మింగేసింది. డయాలసిస్ మంచం ఆమెని వదలడం లేదు.

పరీక్షలయ్యాక డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టింది.

"మీది పనికిరాదండీ."

"అదేంటి మేడమ్! గుండ్రాయిలా ఉన్నాను."

"ఉన్నారు. కానీ అక్కగారి లోపమే మీలోనూ ఉంది. రక్తంలో కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థ ఉంటుంది. అది మన కణాల మీదే పడకుండా వాటిపైన ఒక ప్రొటీన్ కాపలా కాస్తుంది. క్రిములతో పోరాడే టి-కణాలను, పనయ్యాక ఇక చల్లబడమనేది కూడా అదే. మీ ఇద్దరిలో అది చాలినంత లేదు. అందుకే జ్వరం వచ్చినప్పుడు ఆ రక్షణ వ్యవస్థే అక్కగారి కిడ్నీల మీద పడింది. మీ కిడ్నీతో పాటు ఆ లోపమూ ఆమెకి వెళ్తుంది. ఉన్న ఒక్కదానితో మీరూ ప్రమాదంలో పడతారు."

"నాకింతవరకు ఏం కాలేదుగా?"

"ఎప్పటికీ కాకపోవచ్చు. ఏ జ్వరం ఆ వ్యవస్థని రెచ్చగొడుతుందో మాత్రం చెప్పలేం."

ఆ తర్వాత బస్సులో ఎవరు దగ్గినా అతను పక్కనున్న కిటికీ అద్దం పూర్తిగా తెరిచేసేవాడు. స్టీరింగ్ వదిలి దిగి పారిపోలేడు. దిగినా, తన ఒంట్లోంచి ఎక్కడికి పోతాడు?

అతని భార్యకీ అక్కకీ చాలాకాలంగా మాటల్లేవు. అక్క కుట్టిన ఒక గౌను బాలేదని భార్య అన్న దగ్గర మొదలైన గొడవ అది. అయినా భార్యే డాక్టరమ్మని అడిగింది.

"రక్తసంబంధం లేనివాళ్ళదైతే?"

"ఇంకా మేలు. ఆ కిడ్నీలో ప్రొటీన్ సరిగ్గా ఉంటుంది."

"అయితే నాది చూడండి."

కిడ్నీ సరిపోతుందని తేలింది. అతను వద్దంటే అక్కకి ముప్పు, సరేనంటే భార్యకి. అక్క ససేమిరా అంది. భార్య వెళ్ళి అక్క మంచం పక్కన నిలబడింది.

"వదినా, నా మీద కోపం అలాగే ఉంచుకో. కిడ్నీ మాత్రం తీసుకో."

అక్క నవ్వబోయి ఏడ్చేసింది.

ఆపరేషన్ రోజు అతను వరండాలో రెండు మూసిన తలుపుల మధ్య తిరిగాడు. ఏ తలుపు ముందు ఆగినా రెండోదానికి ద్రోహం చేస్తున్నట్టే అనిపించింది.

కిడ్నీ పనిచేసింది. టి-కణాలు దాని మీద తిరగబడకుండా అక్క జీవితాంతం మందులు వాడాలి. భార్య మెల్లగా కోలుకుంది.

అతను మాత్రం ఒళ్ళు కాస్త వెచ్చబడినా రక్తపరీక్షకి వెళ్తున్నాడు. ఫలితం వచ్చేదాకా గదిలో ముడుచుకుని కూర్చుంటాడు. భార్య తలుపు వేసుకోనివ్వదు. గుమ్మంలోనే కూరగాయలు తరుగుతూ, అతను వినిపించుకోకపోయినా, అతని అక్క మీద చాడీలు చెబుతూనే ఉంటుంది.