చివరి గోడ దాటాక

ఆ ప్రాంతం గురించి పర్యాటకుల పుస్తకంలో రెండే వాక్యాలున్నాయి. ఒకవైపు కొండలు, మరొకవైపు సముద్రం అన్నది మొదటిది. చూడదగినవేమీ లేవన్నది రెండవది. ఆ రెండవ వాక్యం చదివినందుకే లెక్చరరు గారు అక్కడికి టిక్కెట్లు కొన్నారు. మహిమ గల నీటిబుగ్గ గానీ, కోరికలు తీర్చే బండరాయి గానీ లేని చోటు దొరకడం ఈ రోజుల్లో తేలిక కాదని ఆయన నమ్మకం. భౌతికశాస్త్రం చెప్పి చెప్పి రిటైరైన మనిషికి నమ్మకాలు తక్కువే. ఉన్న కాసిన్నీ మాత్రం గట్టివి.

నిజానికి ఈ ప్రయాణం ఆయన చెల్లెలి పోరు పడలేక ఒప్పుకున్నది.

"గాలి మారితే వదిన కోలుకుంటుంది అన్నయ్యా."

"నత్రజని, ప్రాణవాయువు ఎక్కడైనా అవే పాళ్లలో ఉంటాయమ్మా."

"అయితే ఇంట్లో కూర్చుని వాటినే పీల్చుకోండి," అని చెల్లెలు ఫోను పెట్టేసింది.

క్రిందటేడు ఆయన భార్య స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషనయింది, అతికింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఇక పరుగులు తీయవచ్చన్నాడు. అయినా ఆవిడ గోడ వదలలేదు. వంటింట్లోంచి పడకగదికీ, పడకగదిలోంచి వీధి గుమ్మానికీ కుడిచేయి గోడకానించే నడిచేది. ఆ చేయి ఎత్తున నడవా పొడుగునా సున్నం మీద నల్లని చార ఏర్పడింది. పెళ్లయిన కొత్తనుంచీ ఎక్కడికి బయలుదేరినా భర్తకన్నా ముందు నడిచి, వెనక్కి తిరిగి "వస్తున్నారా, నిద్రపోతున్నారా?" అని వేళాకోళం చేసిన మనిషి ఈవిడే. ఆ వేళాకోళం ఇంట్లో వినిపించి ఏడాది దాటింది. సున్నం మళ్లీ వేయిద్దామని ఆయన ఒకటి రెండుసార్లు అనుకున్నారు కానీ, ఆ చార మీద మళ్లీ చార పడుతుందన్న ఊహ వచ్చి మానుకున్నారు.

"అతికిన చోటు ఎక్కడో ఆ డాక్టరే వెతుక్కున్నాడు. చూశావుగా," అనేవారు ఆయన.

"ఎముకకి తెలుసండీ. నాకే ఇంకా తెలియడం లేదు," అనేది ఆవిడ.



ఆ ఊళ్లో వాళ్లకు ఒక మేడ మీద గది దొరికింది. కొండ పాదం దగ్గర మొదలైన వీధి ఏ వంకరా లేకుండా సముద్రం వైపు సాగుతుంది. ఇరువైపులా ఇళ్లు ఒకదానినొకటి ఒరుసుకుని ఉండడం వల్ల గోడ ఎక్కడా తెగదు. కొంత దూరం పోయాక ఆ ఇళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. తరువాత బయలు. ఆ బయలు చివర తాటాకు కప్పు కింద ఒక కొయ్యచక్రం. దాని వెనుక ఇసుక, ఇసుక వెనుక సముద్రం.

వచ్చిన రోజే ఆవిడ కిటికీ తెరిచి చాలాసేపు చూసింది. "ఒక్కసారి ఆ నీళ్లలో కాళ్లు పెట్టి రావాలండీ," అంది.

"ఆటో మాట్లాడతాను. ఇసుక దాకా దింపుతాడు."

"మోయించుకుని పోయి కాళ్లు తడుపుకోవడానికైతే ఇంట్లో బకెట్టుంది."

ఆ సాయంకాలం ఆవిడ గోడ పట్టుకుని చివరి ఇంటి దాకా నడిచింది. గోడ అయిపోయిన చోట ఒక అడుగు ముందుకు వేసి, వేసిన అడుగును వెనక్కి తీసుకుంది. ఆయన భుజం అందించారు.

"వద్దు, మీరూ ఊగుతున్నారు. గోడ నయం," అని వెనక్కి మళ్లింది. మర్నాడూ అంతే జరిగింది. ఆ రాత్రి ఆవిడ కిటికీ తలుపు మూసేసి పడుకుంది. ఆయనకు భయం వేసింది. ఇక్కడినుంచి ఇలాగే తిరిగి వెళితే, మరెక్కడికీ రానంటుందని ఆయనకు అనిపించింది.

బయలు తాడు పేనేవాళ్లది. చక్రానికి మూడు కొక్కేలుంటాయి. వాటికి తగిలించిన మూడు నారపేటలను బయలు పొడుగునా లాగి, గోడ వైపు కొసన ఒకే కొక్కేనికి కలుపుతారు. ఆ కొక్కెం ఒక కొయ్యపిడికి వదులుగా తిరిగేలా బిగించి ఉంటుంది. పిడిని ఒక మనిషి రెండు చేతులా పట్టుకోవాలి. చక్రం తిరుగుతున్న కొద్దీ పేటలు ఒకదానినొకటి పెనవేసుకుని తాడవుతాయి. తాడైన కొద్దీ పొడవు తగ్గి, పిడి పట్టుకున్న మనిషిని ముందుకు లాక్కుంటుంది. ఆ మనిషి కొంచెం వెనక్కి ఒరిగి, లాగినంత మేరకే అడుగు వేయాలి. మధ్యలో పిడి వదిలితే తాడంతా ఉండచుట్టుకుపోతుంది.

పిడి పట్టుకునే మనిషి పని మొదలయ్యే దాకా నీడ కోసం చివరి గోడకు ఆనుకుని నిలబడుతుంది. అక్కడ పని వేళకు మరెవరూ నిలబడరు.

మూడవ రోజు పొద్దున ఎండ అప్పుడే కాస్తోంది. లెక్చరరు గారు గొడుగు కోసం గదికి వెళ్లారు. ఆవిడ ఆ గోడకు ఆనుకుని నిలబడింది.

తాడు పేనే ఇంటి పెద్దకోడలు పేటలు సర్దుతూ, వెనక్కి కూడా చూడకుండా, పిడిని ఆవిడ చేతుల్లో పెట్టేసింది.

"ఇప్పటికి తెల్లారిందా నీకు? పట్టుకో. రెండు చేతులూ, రెండు చేతులూ! మామయ్యా, తిప్పు!"

"అమ్మాయ్, నేను కాదు..." అనబోయింది ఆవిడ.

చక్రం అప్పటికే కదిలింది. పెద్దకోడలు మూడు గాడులు చెక్కిన కొయ్యముక్కను పేటల మధ్య దూర్చి, దాన్ని నడిపించుకుంటూ చక్రం వైపు వెళ్లిపోతోంది. పిడి ఆవిడ చేతుల్లో బరువుగా, ప్రాణమున్నదానిలా లాగింది. ఆవిడ గోడ వైపు చూసింది, పిడి వైపు చూసింది. గోడ కావాలంటే ఒక చేయి ఖాళీ కావాలి. పరాయివాళ్ల పని, పరాయివాళ్ల నార. పాడుచేయడానికి ఆవిడకు మనసొప్పలేదు. వెనక్కి ఒరిగింది. తాడు ఆవిడను పడకుండా ఆపింది.

గొడుగుతో వచ్చిన లెక్చరరు గారికి గోడ దగ్గర భార్య కనబడలేదు. కనబడేసరికి ఆవిడ ఎండలో, నేల తప్ప ఆధారం లేని చోట, ఎవరో కనబడని మనిషితో లాగుడు పందెం ఆడుతున్నట్టు ఒరిగి ఉంది. 

"ఆపండి! ఆవిడ నడవలేదు, ఆవిడకి..."

"అరవకండీ!" అంది ఆవిడ, తల తిప్పకుండా. "తాడు పాడవుతుంది."

 ఆవిడ పడితే పట్టుకోవడానికి ఆయన రెండు చేతులూ చాచి వెనకాల నిలబడ్డారు. గొడుగు ఎక్కడ పడిందో ఆయనకు తెలియదు. తాడు లాగింది, ఆవిడ ఒక అడుగు వేసింది. ఆగింది. మళ్లీ లాగింది. ఆయన చాచిన చేతుల నుంచి ఆవిడ కొంచెం కొంచెంగా దూరమవుతూ పోయింది.

చక్రం ఆగింది. అప్పుడే వీధిలోంచి ఒక పడుచు పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, పాలు పొంగిపోయాయి, పొయ్యి కడిగి వచ్చేసరికి..."

పెద్దకోడలు రోజూ పిడి పట్టే తన తోడికోడలిని చూసింది, పిడి పట్టుకున్న మనిషిని చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో రామా! మీరెవరండీ?"

"మేడ మీద గదిలో ఉంటున్నామమ్మా. చెప్పబోయాను, నువ్వు విన్నావా?"

"నేనెప్పుడు విన్నాను గనక!" పెద్దకోడలు పగలబడి నవ్వింది. చక్రం దగ్గర మామగారు కూడా నవ్వాడు. తోడికోడలు పిడిని అందుకుని కొసను గుంజకు కట్టింది. పెద్దకోడలు దగ్గరికొచ్చి తాడును వేళ్లతో నొక్కి చూసింది. "పురి బాగా కుదిరింది. ఈవిడకన్నా మీరే నయం. సగం పని చేసి పోతారా, రుద్ది పెడతారా?"

రుద్దడమంటే తడిగుడ్డను తాడు చుట్టూ పట్టి, పైకి లేచిన నారను అణచుకుంటూ ఈ కొసనుంచి చక్రం దాకా నడవడం. ఆవిడ గుడ్డ అందుకుంది. బిగిసిన తాడు మీద చేయి వేసి, దాని వెంట, సముద్రం వైపు నడిచింది. లెక్చరరు గారు రెండడుగుల వెనక నడిచారు.

చక్రం దగ్గర తాడు అయిపోయింది. ఆవిడ గుడ్డ తీసి గుంజకు వేలాడదీసింది. ముందు ఇసుక ఉంది. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆవిడ తన రెండు అరచేతులూ చూసుకుంది. నార గీసుకుని ఎర్రగా కందాయి. ఆయన భుజం అందించబోయి, ఎందుకో ఆగిపోయారు.

ఆవిడ ఇసుకలోకి దిగింది. నాలుగడుగులు వేసి, తూలి, నిలదొక్కుకుని, వెనక్కి తిరిగింది.

"వస్తున్నారా, నిద్రపోతున్నారా?"

ఆయన వెళ్లారు. నీళ్లు చల్లగా ఉన్నాయి.  బిగువుగా ఉన్నదేదైనా చేతికి కొంచెం తగిలితే చాలు, దేహం ఎటు ఒరుగుతున్నదీ మెదడుకు తెలుస్తుందని ఆయన వివరించారు. ఇందులో వింత ఏమీ లేదన్నారు. ఆ చివరి మాట అంటూ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నారు.

"వింత లేదని చెప్పడానికి ఏడవాలా?" అంది ఆవిడ.

ఆయనకొక చిక్కు ఉంది. ఇలాంటి వేళ తల పైకెత్తి దండం పెట్టే అలవాటు ఆయనకు లేదు. కారణం తెలిసినంత మాత్రాన కృతజ్ఞత తగ్గడం లేదు. దాన్ని ఎవరికో ఒకరికి అందజేయాలి. తిరిగి వచ్చేటప్పుడు చక్రం దగ్గర ఆగి, పెద్దకోడలికి ఎదురుగా నిలబడి, సంవత్సరాల తరబడి తరగతిలో మాట్లాడిన గొంతును కూడదీసుకున్నారు.

"అమ్మా, మీరు మాకు ఈ రోజు చేసిన ఉపకారం..."

"తాడు తొక్కుతున్నారండీ," అంది ఆమె.

ఆయన గభాలున పక్కకు జరిగారు. ఆమె తాడు దులిపి, ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. "ఊరికే ఉన్నారుగా. మామయ్యకి భుజం నొప్పి. రేపు మీరొచ్చి చక్రం తిప్పుతారా? మీ ఆవిడ ఎలాగూ వస్తానంది."

మర్నాడు పొద్దున లెక్చరరు గారు తాటాకు కప్పు కింద నిలబడి చక్రం తిప్పారు. ఆయనకు భ్రమణం గురించి తెలిసినదేదీ భుజాలకు అక్కరకు రాలేదు. ఒకసారి వేగం, ఒకసారి నెమ్మది. పేటలు ఎగిరెగిరి పడ్డాయి. బయలు అవతలి కొసన, చివరి గోడకు బాగా ఇవతల, ఆవిడ పిడి పట్టుకుని ఒరిగి ఉంది. ఆయన తిప్పిన ప్రతి చుట్టుకూ తాడు మరికాస్త కురచయి, ఆవిడ మరికాస్త దగ్గరగా వస్తోంది.

"సమంగా తిప్పండీ!" అని అక్కడినుంచి కేక వేసింది. "ఇన్నాళ్లూ పిల్లలకి ఏం చెప్పారో ఏమిటో!"

ఆయన చెమట తుడుచుకోవడానికి కూడా ఆగకుండా, చేతనైనంత సమంగా తిప్పారు.